సందు చివరి బారు, మరునాటి పులుసు

పినాకిని ఎక్స్‌ప్రెస్ గూడూరు దాటిందంటే నాకు కాలు నిలవదు. నెల్లూరు ఇంకా అరగంట దూరం ఉందని తెలిసినా సంచి దించి ఒళ్ళో పెట్టుకుంటాను. మనుబోలు, వెంకటాచలం స్టేషన్ల పలకలు వెనక్కి పోతుంటే, కోతలైపోయిన పొలాల గట్ల మీద తాటిచెట్లు కనిపిస్తుంటే, సొంత ఇంటి వాకిట్లోకి అడుగుపెడుతున్నట్టే ఉంటుంది. పినాకిని అంటే పెన్న. కానీ మద్రాసు వైపు నుంచి వచ్చి నెల్లూరులో దిగిపోయేవాళ్ళకు రైల్లోంచి ఆ నది కనిపించదు, వంతెన ఊరు దాటాక వస్తుంది. పెన్నను చూడాలంటే దిగి, రంగనాథస్వామి గుడి దాకా వెళ్ళాలి.

నేను చెన్నైకి మారి పన్నెండేళ్ళయింది. అంతకు ముందు ఆరేళ్ళు నెల్లూరు సంతపేటలో ఒక మేడ మీది గదిలో అద్దెకున్నాను. ఆ గదికి నాలుగిళ్ళ అవతల, సందు చివర, ఒక చిన్న బారు ఉంది. వేసవిలో ఊరికి వచ్చినప్పుడల్లా రెండు చోట్లకు తప్పకుండా వెళతాను. ఒకటి ఆ బారు. రెండోది కలిగిరి దగ్గర పల్లెలో మా పెద్దమ్మ ఇల్లు. ఈ రెండింటికీ మధ్య ఒక దారి ఉందని నాకు ఇన్నేళ్ళూ తెలియదు. ఈసారి మే నెలలో వెళ్ళినప్పుడు తెలిసింది.

సాయంత్రం ఐదయినా ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టగానే సెగ ముఖానికి కొట్టింది. నెల్లూరు మే నెల ఎండ గురించి చెప్పనక్కర్లేదు, అనుభవించినవాళ్ళకు తెలుసు. మిత్రుడి ఇంట్లో సంచి పెట్టి, రెండు చెంబులు ఎక్కువే స్నానం చేసి, ఏడు గంటలకు ఇద్దరం నడక మొదలుపెట్టాం. చిన్నబజారులో తోపుడుబళ్ళ మీద పచ్చి మామిడికాయలు గుట్టలు పోసి ఉన్నాయి. కాయ కోసిన జీడి వాసన, దుమ్ము వాసన, మల్లెపూల వాసన ఒకదాని మీదొకటి. బైకు తీద్దామని మిత్రుడు అన్నాడు, నేను వద్దన్నాను. ఆ బారుకు నడిచి వెళ్ళి నడిచి రావడమే నా అలవాటు. పేటలో బారు అంటే అర్థమే అది.

లోపల ఏమీ మారలేదు. ఎనిమిది బల్లలు, వాటి మీద నల్లటి కడప బండలు. తడిగుడ్డతో తుడిచినప్పుడు ఆ బండ మీద ఫ్యాను రెక్కల నీడ తిరుగుతూ కనిపిస్తుంది. టీవీ లేదు. పాటలు లేవు. వంటింటికీ హాలుకీ మధ్య ఒక పెద్ద కిటికీ ఉంది, దానికి తలుపు ఎప్పుడూ వేయరు. పొయ్యి దగ్గర ఏం జరుగుతోందో ప్రతి బల్లకూ తెలుస్తుంది. తినడానికి వచ్చినవాడికి వండేవాళ్ళు కనిపించాలని యజమాని పట్టుదల. డెబ్బై దాటిన మనిషి. అందరూ పెద్దాయన అంటారు. గల్లాపెట్టె దగ్గర కూర్చుని అన్ని బల్లలూ చూస్తుంటారు. ఆయన పెట్టిన నియమం ఒకటుంది: పళ్ళెంలో తిండి లేకుండా రెండో సీసా ఇవ్వరు. ఎంత పెద్ద మనిషి అడిగినా సరే. కోప్పడి లేచిపోయినవాళ్ళను నేనే చూశాను. వాళ్ళలో కొందరు మరుసటి వారం తిరిగి రావడం కూడా చూశాను.

"ఏం నాయనా, రైలు ఆలస్యమా?" అన్నారు, నిన్ననే వెళ్ళి ఇవాళ వచ్చినట్టు.

"లేదు పెద్దాయనా, సరైన వేళకే వచ్చింది. చేప ఏముంది?"

"సముద్రం మూసేశారు కదా. కొరమీను ఉంది."

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మన తీరంలో మరబోట్ల వేట ఆపేస్తారు. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఈ రెండు నెలల్లో కూడా వంజరం, చందువ కావాలని అడిగేవాళ్ళుంటారు. ఎక్కడో మంచులో దాచినది తెచ్చి వండేవాళ్ళూ ఉంటారు. పెద్దాయన అలా చేయరు. వేట లేని రోజుల్లో ఇక్కడ చెరువు చేప, గుంట రొయ్య మాత్రమే. నాకు ఈ ఒక్క సంగతి చాలు ఆ వంటింటిని నమ్మడానికి. ఏ కాలంలో ఏది దొరకదో చెప్పగలిగిన హోటలులోనే దొరికినది బాగుంటుంది.

బీరు వచ్చింది. 650 మిల్లీలీటర్ల సీసా, ఒంటి నిండా చెమట. ఇక్కడ అడగకపోతే ఇచ్చేది లైటే, స్ట్రాంగ్ కాదు. మన దగ్గర ఎక్కువ మంది స్ట్రాంగ్ అడుగుతారు. దానిలో మద్యం ఎనిమిది శాతం దాకా ఉంటుంది, లైటులో ఐదు శాతం లోపే. తొందరగా తల తిరగాలనుకునేవాళ్ళకు మొదటిది. కానీ నెల్లూరు తిండి పక్కన పెట్టుకుని తాగేటప్పుడు స్ట్రాంగ్ పనికిరాదని గట్టిగా చెబుతాను. దానిలోని తీపి కారానికి అడ్డం పడుతుంది, పులుపును చప్పగా చేస్తుంది. లైటు అలా కాదు. బార్లీ మొలకల వాసన కాస్త, హాప్స్ పువ్వు చేదు కాస్త, తక్కినదంతా చల్లదనమూ బుడగలూ. వేపుడు ముక్క తిన్నాక నాలుక మీద మిగిలిన నూనెను ఆ చేదు కడిగేస్తుంది. తరువాతి ముక్క మళ్ళీ మొదటి ముక్కలా ఉంటుంది. గ్లాసు వంచి పట్టి, అంచు వెంట నెమ్మదిగా పోసి, చివరి నాలుగో వంతు నిటారుగా పెట్టి పోస్తే రెండు వేళ్ళ నురగ నిలుస్తుంది. వడ్డించే కుర్రవాడికి ఇది పెద్దాయనే నేర్పారు. మధ్యలో కొన్నేళ్ళు జనం ఎరిగిన బీరు దొరకని రోజులు వచ్చాయి. అప్పుడు కూడా వచ్చాను. నిమ్మకాయ సోడా తాగి, పులుసు అన్నం తిని వెళ్ళాను. అప్పుడూ బల్లలు ఖాళీగా లేవు.

మొదట ఉడికించిన వేరుశనగలు, ఉల్లిపాయ, పచ్చిమిరప తరుగు, పైన మామిడికాయ కోరు. తరువాత రొయ్యల వేపుడు. నెల్లూరు జిల్లాలో రొయ్యల గుంటలకు కొదవ లేదు, ఉదయం పట్టినవి మధ్యాహ్నానికి ఇక్కడికి వస్తాయి. కరివేపాకు చిటపటలాడేదాకా వేయించి, రొయ్య వంపు తిరగగానే దించేస్తారు. ఒక్క నిమిషం ఎక్కువైతే రబ్బరవుతుంది. ఆ ఒక్క నిమిషం ఇక్కడ ఎప్పుడూ ఎక్కువ కాలేదు.

కొరమీను కోసం నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. అక్కడ నిలబడితే ఎవరూ వద్దనరు. కొరమీను నీళ్ళు లేకపోయినా చాలాసేపు బతికే చేప, అందుకే ప్రాణంతో అమ్ముతారు. దాని ఒంటి మీది జిగురు వల్ల చేతికి చిక్కదు. వంటావిడ పొయ్యిలోని బూడిద పిడికెడు తీసి దాని ఒంటికి రుద్దింది. జారిపోయే చేప కాస్తా గరుకుగా ఆమె అరచేతిలో నిలిచింది. పొలుసు తీసి, ముక్కలు కోసి, రాళ్ళ ఉప్పుతో మూడుసార్లు, చివరికి పసుపుతో ఒకసారి కడిగింది. మూడోసారి కడిగిన నీళ్ళు తేటగా ఉన్నాయో లేదో వంగి చూసుకుంది. అంతవరకు పక్క పొయ్యి మీద మట్టి చట్టిలో నువ్వుల నూనె కాగుతోంది. మెంతులు, ఆవాలు, కరివేపాకు, నిలువుగా చీల్చిన పచ్చిమిర్చి, ఉల్లిపాయలు, టమాటా. చిక్కటి చింతపండు రసం పోసి కారం వేసేసరికి హాలంతా ఒక్కసారి దగ్గింది. పులుసు కుతకుతలాడి నూనె అంచుకు చేరాకే చేప ముక్కలు. ఆ తరువాత గరిటె ముట్టదు. చట్టిని రెండు చేతులతో గుడ్డతో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతుంది, అంతే. ముక్క విరగకూడదు. దించబోయే ముందు మామిడికాయ ముక్కలు, వేయించి కొట్టిన మెంతి, జీలకర్ర, ధనియాల పొడి.

"ఇది ఇవాళ తినవద్దు" అంది వంటావిడ. "నిన్నటి పులుసు ఉంది, అది తిను."

నెల్లూరు చేపల పులుసు వండిన రోజున తినరు. పులుపు ముక్క లోపలికి దిగడానికి ఒక రాత్రి కావాలి. నా ముందుకు వచ్చింది నిన్నటి పులుసు, వేడి అన్నం. మామిడి ముక్క వేలితో నొక్కితే నలిగిపోతోంది. మొదటి ముద్దతో బీరు గ్లాసు పక్కకు జరిపేశాను. పులుసు అన్నం తినేటప్పుడు ఇంకేదీ అక్కర్లేదు.

జనం పలచబడ్డాక పెద్దాయన మా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నారు. ఇన్నేళ్ళలో నేను ఎప్పుడూ అడగని ప్రశ్న మిత్రుడు అడిగాడు. "పెద్దాయనా, బార్లలో ఇలాంటి వంట ఎక్కడా చూడలేదు. మీకెలా కుదిరింది?"

"బారు మూతపడింది కాబట్టి కుదిరింది" అన్నారు ఆయన.

మొదట ఇది బీరు, బ్రాందీ అమ్మే చోటు మాత్రమేనట. తినడానికి వేరుశనగలు, ఉప్పు శనగలు, కోడిగుడ్డు. అంతే. 1995 జనవరిలో ఎన్‌టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది. గల్లాపెట్టె ఖాళీ. తీసుకున్న అప్పులు మాత్రం అలాగే ఉన్నాయి. అప్పుడు ఆయన భార్య ముందుకు వచ్చారు. అల్లూరు వైపు తీరగ్రామంలో పుట్టిన మనిషి, చేప సంగతి పుట్టుకతో తెలుసు. ఇవే బల్లల మీద అరిటాకులు వేసి భోజనం పెట్టడం మొదలుపెట్టారు. పొద్దున అన్నం, పులుసు, రసం, మజ్జిగ, రాత్రికి దోసెలు. అప్పటిదాకా ఈ సందులోకి తల తిప్పి చూడని ఆడవాళ్ళు కూడా పిల్లలను వెంటబెట్టుకుని వచ్చి క్యారియర్లు నింపుకుని వెళ్ళారట. 1997లో నిషేధం ఎత్తేసి లైసెన్సులు మళ్ళీ ఇచ్చారు. ఆయన బారు మళ్ళీ తెరిచారు.

"తెరిచేటప్పుడు మా ఆవిడ ఒక మాట అడిగింది. వంట ఆగకూడదు, తినకుండా ఎవరూ తాగకూడదు. సరే అన్నాను. ఆమె పోయి ఏడేళ్ళు. ఇదిగో, ఈ అమ్మాయి ఆమె దగ్గర నేర్చుకున్నదే" అని కిటికీ వైపు చూపించారు.

నేను మాట్లాడలేకపోయాను. నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

మా పెద్దమ్మ ఊరికి దూబగుంట దగ్గరే. 1992లో నాకు పదేళ్ళు. వేసవి సెలవులకు వెళ్ళినప్పుడు చూసినవి ఇప్పటికీ కళ్ళ ముందున్నాయి. ప్రభుత్వమే ప్యాకెట్లలో సారా అమ్మించే కాలం. వారుణి వాహిని అని దానికొక అందమైన పేరు. పెదనాన్న కూలి డబ్బులు ఇంటికి వచ్చేలోపే ఆ ప్యాకెట్లలోకి పోయేవి. దారి పొడవునా ఖాళీ ప్యాకెట్లు గాలికి దొర్లుతుండేవి. జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం వచ్చి, పగలంతా పొలం పని చేసిన ఆడవాళ్ళు రాత్రి లాంతరు ముందు పలక పట్టుకున్నారు. అక్కడ చదివిన పాఠంలో తమ ఇంటి కథే కనిపించింది వాళ్ళకు. దూబగుంటలో రోశమ్మ, ఆమె వెంట ఉన్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారని తెలిసిన మర్నాడే మా పెద్దమ్మ వీధిలోకి వచ్చి చీపురు పట్టుకుని నిలబడింది. పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు అందరూ కదిలారు. జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్‌లో మొదట నెల్లూరు జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధించారు. ఆ ఊపే 1995 నిషేధం దాకా వెళ్ళింది. కాళ్ళకు చెప్పులు లేని ఆడవాళ్ళు తెచ్చిన మార్పు అది. అందుకే ఆ రోజుల గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు కోపం వస్తుంది.

ఆ నిషేధమే లేకపోతే ఈ బల్ల మీద ఈ పులుసు లేదు. ఇన్నేళ్ళుగా నేను ఇష్టపడి తింటున్న ముద్దలో మా పెద్దమ్మ చెయ్యి కూడా ఉంది. ఆ సంగతి పెద్దాయనకు చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత లేచి వంటింట్లోకి వెళ్ళి, ఆ రోజు వండిన పులుసు మూడు గిన్నెల స్టీలు క్యారియరులో పోయించి తెచ్చారు.

"రేపు పొద్దున ఆమె దగ్గరికే కదా వెళుతున్నావు. రేపటికి బాగుంటుంది. రాత్రి చల్లారేదాకా మూత పెట్టకు. పొద్దున ఒక పొంగు రానిచ్చి తీసుకెళ్ళు. క్యారియరు నిదానంగా వెనక్కి తెచ్చినా సరే."

డబ్బు తీసుకోలేదు.

మర్నాడు ఆరింటికల్లా బస్సు ఎక్కాను. బుచ్చిరెడ్డిపాళెం, సంగం దాటి ఉత్తరానికి తిరిగాక నేల రంగు మారుతుంది. పెన్న కాలువల కింది పచ్చదనం పోయి మెట్ట పొలాలు, తుమ్మచెట్లు, ఎర్రమట్టి. క్యారియరు రెండు పాదాల మధ్య పెట్టుకుని కూర్చున్నాను. గతుకు వచ్చినప్పుడల్లా చెయ్యి దాని మీదికి పోయేది. పక్క సీటులో ముసలాయన రెండుసార్లు ముక్కు ఎగబీల్చి, "పులుసా?" అన్నాడు. అవునన్నాను. "కొరమీనా?" అన్నాడు. మళ్ళీ అవునన్నాను. తృప్తిగా తల ఊపి కిటికీ వైపు తిరిగాడు.

పెద్దమ్మ వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని చింతపండు పిక్క తీస్తోంది. చూపు కాస్త తగ్గింది, చెవి మాత్రం చురుకే. నా చెప్పుల చప్పుడుకే "వచ్చావా నాయనా" అంది. కాళ్ళు కడుక్కుని వచ్చాక అన్నం పెట్టబోతే క్యారియరు ముందు పెట్టాను.

"ఎక్కడిది?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "నెల్లూరులో ఒక బారులోది పెద్దమ్మా."

పిక్క తీస్తున్న చెయ్యి ఆగింది. "తాగావా?"

"ఒక బీరు తాగాను."

"తిని తాగావా?"

"తిన్నాను."

"గదికి నీ కాళ్ళ మీద నువ్వే నడిచి వెళ్ళావా?"

"నడిచే వెళ్ళాను."

ఇంకేమీ అడగలేదు. నేను పెద్దాయన కథంతా చెప్పాను. బారు మూతపడడం, ఆయన భార్య అరిటాకులు వేయడం, మళ్ళీ తెరిచేటప్పుడు ఆమె అడిగిన మాట. పెద్దమ్మ మధ్యలో ఒక్కసారి మాత్రం అడ్డొచ్చింది. "ఆవిడ పేరేమిటి?" నాకు తెలియదు. అడగలేదు. ఆ సంగతి చెప్పడానికి సిగ్గేసింది.

కంచంలో వేడి అన్నం, పైన పులుసు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. వేలితో ముక్క విరిచి చూసింది, ముల్లు తీసి కంచం అంచున పెట్టింది. రెండో ముద్ద, మూడో ముద్ద. నేను పరీక్ష ఫలితం కోసం ఎదురుచూసే పిల్లవాడిలా కూర్చున్నాను.

"ఉప్పు సరిపోయింది. మెంతులు మాడలేదు" అంది చివరికి. "మామిడికాయ టెంక తీసేసి వేశారు. టెంకతో కోసి వేయాలి, పులుపంతా అక్కడే ఉంటుంది."

మధ్యాహ్నం నిద్ర లేచేసరికి క్యారియరు తోమి బోర్లించి ఉంది. పెద్దమ్మ పెరట్లో చెట్టు కింద నిలబడి పక్కింటి కుర్రవాణ్ణి కొమ్మ మీదికి ఎక్కిస్తోంది. ఏ కొమ్మ కాయలు కోయాలో కింద నుంచి కర్రతో చూపిస్తోంది. జీడి కారే చిన్న కాయలు, టెంక ఇంకా ముదరనివి, ఒక్కొక్కటే తుడిచి మూడు గిన్నెల్లో సర్దింది. గిన్నె ఖాళీగా తిరిగి పంపడం మా ఇంట్లో లేదు. పట్టీ బిగించి, నా చేతికి ఇచ్చి అంది:

"వండే అమ్మాయికి ఇవ్వు. టెంకతో వేయమని చెప్పు. పేరు కూడా అడిగి రా, ఆ పెద్దావిడది."